పెద్దమ్మ చేనూ, నా ఓపెన్ వరల్డ్ వాదనా

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతాను. కర్నూలులో ఒక మేడ మీద చిన్న గది, రెండు కంప్యూటర్లు, ఒక డ్రోన్. అదీ నా సామ్రాజ్యం. ముహూర్తాలు లేని రోజుల్లో పని ఉండదు. అప్పుడు వీడియో గేములు ఆడతాను, ఆడినవాటి గురించి నా యూట్యూబ్ ఛానల్లో తెలుగులో నోరు పారేసుకుంటాను. "ముప్పై ఆరేళ్ళొచ్చినా ఇంకా బొమ్మలాటేనా?" అంటుంది మా ఆవిడ. అంటుందే కానీ, నా వీడియోకు మొదటి లైకు ఎప్పుడూ తనదే.

ఆటల్లో నాకు ప్రాణం ఓపెన్ వరల్డ్ ఆటలు. తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్తాను. వాటిలో ఒక పెద్ద దేశం ఉంటుంది, ఒక కథ ఉంటుంది. కానీ కథ వెంటే పోవాలని లేదు. గుర్రమెక్కి కొండల్లో తిరగొచ్చు, ఏటి ఒడ్డున కూర్చుని చేపలు పట్టుకోవచ్చు. మళ్ళీ నీకు బుద్ధి పుట్టి వెనక్కి వచ్చేదాకా కథ ఎక్కడిదక్కడే ఆగి ఉంటుంది. నిన్ను రమ్మని పిలవదు, ఎందుకు రాలేదని అడగదు.

ఒక ఏడాది ఎండాకాలంలో అలాంటి ఆట ఒకటి వచ్చింది. అన్నకు ఉరిశిక్ష పడితే, విడిపించడానికి చెల్లెలు గుర్రం మీద బయలుదేరుతుంది. కథ సంగతి పక్కన పెట్టండి. ఆ నేల! ఎర్రమట్టి, ముళ్ళకంపలు, నీళ్ళు లేని వంకలు, దూరంగా బోడికొండలు. మా పత్తికొండ వైపు నేలను ఎవరో వచ్చి చూసిపోయి గీసినట్టుంది. నలభై నిమిషాలు గుర్రం మీద పోతే మనిషన్నవాడు కనపడలేదు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

విమర్శకులకు అదే నచ్చలేదు. ఇంగ్లీషు వెబ్‌సైట్లన్నీ ఖాళీగా ఉంది, నత్తనడక నడుస్తోంది, చెయ్యడానికి ఏమీ లేదు అని రాశాయి. రాసుకోనీ, వాళ్ళకు ఎండిన నేలేం తెలుసు అని సరిపెట్టుకున్నాను. కానీ కడపాయన కూడా అదే మాటన్నాడు. అక్కడ కాలింది నాకు.

కడపాయన అంటే, కడపలో ఉంటూ నాలాగే తెలుగులో ఆటల గురించి మాట్లాడే మనిషి. ఆయన్ని నేనెప్పుడూ నేరుగా చూడలేదు. నా కంటే ఆయన్ని చూసేవాళ్ళు చాలా ఎక్కువ. గొంతు ఎత్తడు, తిట్టడు, నింపాదిగా మాట్లాడతాడు. ఆయన వీడియోలన్నీ కుళ్ళుకుంటూనే చూసేవాణ్ణి. ఆ ఆట గురించి ఆయన రెండు మాటలన్నాడు. మొదటిది, ఖాళీ నేలలో గంటలకొద్దీ తిప్పడం స్వేచ్ఛ కాదు, ఆట చేసినవాళ్ళ బద్ధకం అని. రెండోది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అన్నకు ఉరి అంటారు. నేను పది రోజులు చేపలు పట్టుకుంటూ కూర్చున్నా. అన్నకేమీ కాలేదు. నేను ఆలస్యం చేస్తే ఎవరికీ ఏమీ కాదని తెలిశాక, నా స్వేచ్ఛకు ఇంక విలువేముంది?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన వీడియో కింద పేజీలకు పేజీలు రాశాను. అడుగడుక్కీ బాణం గుర్తు పెట్టి, చెయ్యి పట్టుకుని నడిపిస్తే అది ఆటా, ఆసుపత్రి వరండానా అని అడిగాను. మనిషికి గడియారం లేని చోటు ఒక్కటైనా ఉండొద్దా అన్నాను. రోజంతా ఆఫీసులో, బస్సులో, ఇంట్లో అందరూ తొందరపెట్టేవాళ్ళే, కనీసం ఆటైనా ఆగితే మీకేం పోయింది అన్నాను. పక్కనుంచి మా ఆవిడ "పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, ఆ యుద్ధం తర్వాత చేసుకో" అని అరుస్తూనే ఉంది.

ఆయన శాంతంగానే జవాబిచ్చాడు. "అన్నా, మీ ఆవేశం బాగుంది. కానీ ఉదాహరణ లేదు. గురి లేకుండా, గడియారం లేకుండా జనం నిజంగా తిరిగి సంతోషపడే చోటు ఒకటి చూపించండి. నా మాట వెనక్కి తీసుకుంటా."

అది చదవగానే నాకు పెద్దమ్మ చేను గుర్తొచ్చింది. ఆ క్షణంలో నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. పెదనాన్న పోయినప్పటి నుంచి ఐదెకరాల ఎర్రచేను ఒక్కతే చేసుకుంటోంది. పత్తికొండ దాటి లోపలికి పోతే వాళ్ళ ఊరు. బడి సెలవులన్నీ నాకు అక్కడే గడిచేవి. మా వైపు తొలకరి వాన పడిందంటే జనం వజ్రాలు వెతకడానికి చేలల్లోకి దిగుతారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలుతాయి. వాటిలో ఎప్పుడో ఎవరికో ఒక వజ్రం దొరుకుతుంది. దొరికిందన్న మాట పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. తల వంచుకుని, నేల మీద చూపు పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరికే నడుస్తుంటారు. చాలామందికి ఏమీ దొరకదు. అయినా మరుసటేడు మళ్ళీ వస్తారు. బాణం గుర్తు లేదు, గడియారం లేదు. ఇంతకంటే ఓపెన్ వరల్డ్ ఎక్కడుంటుంది?

అయితే దానికొక కట్టుబాటుంది. విత్తని చేన్లోకి ఎవరైనా దిగొచ్చు, రైతు కాదనడు. గొర్రు తోలి విత్తనం వేశాక మాత్రం ఆ చేన్లో ఎవరూ కాలు పెట్టరు. బళ్ళారి నుంచి వచ్చినవాడైనా సరే, గొర్రు సాళ్ళు కనపడితే గట్టు మీది నుంచే పక్కకు తిరిగిపోతాడు. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

జూన్‌లో వాన పడిన మరుసటి రోజు పొద్దున పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"వాన బాగా పడిందా పెద్దమ్మా?"

"పడిందిరా అప్పా! నిన్న మాపటేల దంచి కొట్టింది. చేను పదునెక్కి శానా బాగుండాది. రేప్పొద్దున ట్రాక్టరు గొర్రు వస్తాంది. ఇత్తనం బుడ్డలు ఒలిచి పెట్టుకోనుండా."

బుడ్డలంటే మా వైపు వేరుశనగ. విత్తనం కాయల్ని చేత్తోనే ఒలవాలి. ఐదెకరాలకు సరిపడా ఒలిచేసరికి బొటనవేళ్ళు పుండ్లు పడతాయి.

"రాళ్ళకు జనాలొచ్చినారా?"

"రాకుండా ఉంటారా? ఆలూరు నుంచి, బళ్ళారి నుంచి, యాడాడి నుంచో వస్తాండారు."

"పెద్దమ్మా, ఒక్క రోజు ఆపుతావా? రేపు నేనొచ్చి వీడియో తీసుకుంటా. చేను విత్తేస్తే జనం దిగరు కదా. ఎల్లుండి విత్తుకుందువు."

"ఎల్లుండి ట్రాక్టరు యాడ దొరుకుతాదిరా? ఊరంతా వరసలో ఉండారు."

"ఒక్క రోజుకేమయితాది పెద్దమ్మా? చేను యాడికన్నా పారిపోతాదా?"

ఆమె నవ్వింది. "నువ్వడిగితే కాదంటానా నాయనా? రా. బొరుగులు నానేసి ఉగ్గాని చేసి పెడతా."

పదునంటే ఏమిటో నాకు తెలియదా? తెలుసు. వాన పడ్డాక నేలలో విత్తనానికి సరిపడా తడి ఉండేది రెండు మూడు రోజులు. ఆ లోపల విత్తనం పడాలి. లేకపోతే మళ్ళీ ఎప్పుడు పడుతుందో తెలియని వాన కోసం మొహం ఆకాశానికి పెట్టుకుని కూర్చోవాలి. ఇది తెలిసిన నోటితోనే చేను పారిపోతుందా అని అడిగాను. కడపాయన్ని ఓడించాలన్న కుతిలో నాకు ఇంకేమీ కనపడలేదు.

మరుసటి రోజు నేను పోయేసరికి చుట్టుపక్కల చేలన్నీ విత్తుతున్నారు. విత్తకుండా ఉన్న చేను ఒక్కటే మిగిలింది, అది పెద్దమ్మది. దాంతో రాళ్ళకు వచ్చిన జనమంతా ఆమె చేన్లోనే ఉన్నారు. ఐదెకరాల్లో ఎటు చూసినా వంగిన వీపులే. గొడుగులు పట్టుకున్న ఆడవాళ్ళు, చంకలో బిడ్డల్ని వేసుకున్నవాళ్ళు, చేతికర్రతో మట్టి గెలుకుతున్న ముసలాయన. నా కడుపు నిండిపోయింది. డ్రోన్ లేపాను. పైనుంచి చూస్తే ఎర్రటి తడి నేల, దాని మీద నిదానంగా కదిలే మనుషులు. సినిమా వాళ్ళకు కూడా దొరకని షాటు అనుకున్నాను.

ముసలాయన్ని మాట్లాడించాను. బళ్ళారి నుంచి పన్నెండేళ్ళుగా వస్తున్నాడట, ఒక్క రాయీ దొరకలేదట.

"మరెందుకొస్తావు తాతా?"

"ఏమప్పా, ఇంటికాడ ఉంటే ఇది చెయ్యి, అది చెయ్యి అంటారు. ఈడ ఎవరూ ఏమనరు. నడుస్తాండా, చూస్తాండా, అంతే."

నేను ఎగిరి గంతేశాను. నా వాదనంతా ఆ ముసలాయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

పెద్దమ్మ గట్టు మీద ఉగ్గాని క్యారియరు పెట్టుకుని కూర్చుంది. పక్క చేని రైతు విత్తుకుంటూ అటు వచ్చి, "ఏమ్మా, నువ్వు ఇత్తలేదే?" అని అడిగాడు. "ఈ పొద్దు దినం బాగలేదప్పా" అంది పెద్దమ్మ. ఆమె జన్మలో విత్తడానికి పంచాంగం చూసిన మనిషి కాదు. ఆ రైతు నా వైపు చూశాడు, నా చేతిలో ఉన్న రిమోట్ వైపు చూశాడు, మళ్ళీ తన చేన్లోకి పోయాడు. నేను ఉగ్గాని తిన్నాను. ఇంకో ముద్ద పెట్టమని కూడా అడిగాను.

అంతటితో ఆగి ఉంటే కొంత నయం. సాయంత్రం తిరిగొస్తూ బస్సులోనే అర నిమిషం ముక్క ఒకటి కత్తిరించి ఛానల్లో పెట్టాను. ఆ చేను ఎటుపోతే వస్తుందో దారి కూడా చెప్పాను, నా ఉదాహరణ కల్పన కాదని కడపాయన నమ్మాలి కదా. ఆ ముక్క ఎంతమంది చూశారో, మరుసటి రోజు జీపుల్లో, ఆటోల్లో కొత్త జనం దిగారు. ఆ తర్వాతి రోజు ఇంకా ఎక్కువమంది. విత్తని చేను, ఎవరాపుతారు?

నాకు ఇవేమీ తెలియవు. తలుపు వేసుకుని మూడు రోజులు ఎడిటింగులో మునిగిపోయాను. ఆటలోని నేలను, పెద్దమ్మ చేనును పక్కపక్కన పెట్టాను. ఆ డ్రోన్ షాటు మీద గొంతు తగ్గించి, కొంచెం బరువు పెట్టి, "చూడండి, ఈ నేల ఎవర్నీ తొందరపెట్టదు" అన్నాను. ఆ వాక్యానికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

వీడియో బాగా పోయింది. అంతమంది నా ఛానల్‌కు అంతకు ముందెప్పుడూ రాలేదు. రెండు రోజులకు కడపాయన తన ఛానల్లో ఏ నసుగుడూ లేకుండా చెప్పాడు. "కర్నూలన్న చూపించిన చేను చూశాక నా అభిప్రాయం మార్చుకున్నా. ముఖ్యంగా ఆట ఆగి ఉండటం తప్పన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా." నేను గదిలో ఎగిరాను. మా ఆవిడ నా నోట్లో చక్కెర పోసింది.

ఆ సంతోషం చెప్పుకోవాలని పెద్దమ్మకే మొదట ఫోన్ చేశాను. గడగడా అంతా చెప్పాను. "మంచిదప్పా, మంచిది" అంది. ఫోన్ పెట్టేసే ముందు, అడగాలి కాబట్టి అడిగాను.

"విత్తేసినావా పెద్దమ్మా?"

"లేదురా. ఇత్తలేదు."

"అదేంది?"

"ట్రాక్టరు నాలుగో దినానికి వచ్చింది. అప్పటికి చేనంతా తొక్కి తొక్కి బండయింది. పైన ఎండ. ట్రాక్టరు తోలే పిల్లోడు దిగి మడమతో తన్ని చూసినాడు. గొర్రు దిగదమ్మా, దాని పండ్లు ఇరుగుతాయి అన్నాడు. మల్లా వాన పడనీలే, చూస్తాం."

నోట్లో ఇంకా చక్కెర తీపి ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఏమన్నానో గుర్తులేదు. పడుతుందిలే పెద్దమ్మా, తప్పకుండా పడుతుంది అన్నానేమో.

పడలేదు. అప్పటి నుంచి నా పని ఫోన్లో మబ్బులు చూసుకోవడం. కర్నూలులో చినుకు పడితే చాలు, "మీకూ పడిందా?" అని ఫోన్ చేసేవాణ్ణి. "ఈడ లేదురా, గాలికి పోయింది" అనేది. పక్క చేలల్లో మొలకలొచ్చాయి. ఉన్న పదునులో పడ్డ విత్తనం కాబట్టి ఎలాగో నిలదొక్కుకుంది. ఆ వరసలో పెద్దమ్మ ఐదెకరాలు మాత్రమే ఎర్రగా ఉండిపోయాయి. మంచి వాన వచ్చేసరికి బుడ్డలు వేసే అదను దాటిపోయింది. ఉలవలు చల్లుకుంది. ఏడాదికంతా ఆమెకుండే ఆధారం బుడ్డల పంట ఒక్కటే. అది పోయింది, పోగొట్టింది నేను.

ఒలిచిన విత్తనం నిలవ ఉండదు. పురుగు పడుతుంది, మొలక చస్తుంది. ఒకరోజు బస్సు డ్రైవరు చేతికిచ్చి పెద్దమ్మ నాకొక గోనెసంచి పంపింది. విప్పితే ఆ బుడ్డలే. మేలైన గింజ, ఏరి ఏరి ఉంచుకున్నది, ఒక్క పుచ్చు లేదు. "పిల్లోళ్ళకు వేయించి పెట్టు, ఊరికే పోతాయి" అని ఫోన్లో చెప్పింది. మా ఆవిడకు నేనేమీ చెప్పలేదు. బెల్లం వేసి ఉండలు చేసింది. "ఎంత కమ్మగా ఉన్నాయో, ఇలాంటివి బజారులో దొరకవు" అంటూ నా చేతిలో పెట్టింది. తిన్నాను. తినకపోతే ఎందుకని అడుగుతుంది కదా.

వాదన సంగతి కూడా చెప్పాలి. బాణం గుర్తుల గురించి నేను ఈ రోజుకీ కడపాయనతో తగువుకు సిద్ధమే. ఖాళీ నేల బద్ధకం కాదు, ఆ మాట మీద నేను కదలను. కానీ రెండో మాట ఆయనదే నిజం. ఆటలో నేను పది రోజులు తిరిగొచ్చినా ఎవరికీ ఏమీ కాదు, అందుకే ఆ పది రోజులు అంత తేలిగ్గా గడిచాయి. నేను ఆ తేలికను చేన్లోకి మోసుకుపోయాను. నడిచేవాడికి గడియారం లేదన్నది నిజమే. ఆ ముసలాయనకు లేదు. చేను గలావిడకు ఉంది. ఆమె గట్టు మీద నా ఎదురుగ్గానే కూర్చునుంది, నేను కెమెరా అటు తిప్పలేదు.

అన్నిటికంటే సిగ్గుచేటు ఏమిటంటే, ఆయన సరిగ్గా చెప్పిన ఆ ఒక్క మాటనే నా మూలంగా వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు ఆయనే నలుగురికీ నా ఉదాహరణ చెప్తున్నాడు. ఇద్దరం కలిసి ఒక వీడియో చేద్దామని మూడుసార్లు అడిగాడు. పెళ్ళిళ్ళున్నాయని తప్పించుకున్నాను. జరిగింది చెప్పేస్తే పోతుంది కదా. చెప్పలేదు. ఆ వీడియోను తీసెయ్యనూ లేదు. నా ఛానల్లో ఇప్పటికీ ఎక్కువమంది చూసేది అదే, తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇంత నీచంగా ఉంటాననుకోలేదు నేను.

ఉలవలు పూతకొచ్చిన రోజుల్లో పెద్దమ్మ ఊరికి పోయాను. ఈసారి కెమెరా తీసుకుపోలేదు. అరుగు మీద కూర్చుని ఎలాగో నోరు పెగల్చుకున్నాను. "పెద్దమ్మా, ఇదంతా నా వల్లే కదా" అన్నాను.

"ఏమిటికిరా ఆ మాట? వాన రాకపోతే నువ్వేం చేస్తావు? ఊర్లో అందరికీ నేను దినం బాగలేదనే చెప్పినా. నువ్వు కూడా అదే చెప్పు."

తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తిట్టదు. ఊరంతా "ముసిలిదానికి ఈ వయసులో పంచాంగం పిచ్చి పట్టింది" అని నవ్వుతోందని నాకు తెలుసు. ఆ నవ్వు కూడా నా కోసమే పడుతోంది.

కాసేపటికి, "ఆ పొద్దు తీసిండేది చూపీ. అందరూ చూసినారంట, నేనే చూడలేదు" అంది.

వద్దు పెద్దమ్మా అన్నాను. సిగ్నల్ లేదన్నాను. వినలేదు. చివరికి ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. ఆట వచ్చినంతసేపూ ఊరికే చూసింది. తర్వాత డ్రోన్ షాటు వచ్చింది. నా గొంతే, చూడండి, ఈ నేల ఎవర్నీ తొందరపెట్టదు అంటోంది. చెవులు మూసుకోవాలనిపించింది. పెద్దమ్మ ఆ మాట విన్నట్టు లేదు. జనాన్నీ చూడలేదు. ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, మనుషుల మధ్య కనపడే ముదురు ఎర్రటి తడి మట్టి మీద వేలు పెట్టింది. ఆ వేలు తగిలి వీడియో ఆగిపోయింది.

"ఎంత పదునుండాదిరా!" అంది. "చూడు, అడుగు పడిన తావల్లా నీళ్ళూరుతాండాయి. ఇట్లాంటి పదును మీ పెదనాయన ఉన్నప్పుడు చూసినా, మల్లా ఈ ఏడే."

"ఇంగోసారి పెట్టు" అంది. పెట్టాను.